దమయంతికి లేని దురలవాటు

దమయంతికి ఒక్క చెడ్డ అలవాటు కూడా లేదని తేలిన రోజున విభాగంలో అందరూ ఆమెను జాలిగా చూశారు. అటెండరు కూడా టీ గ్లాసు బల్ల మీద పెట్టి, ఇంట్లో అశుభం జరిగిన మనిషిని చూసినట్టు చూసి, చప్పుడు చేయకుండా వెళ్ళిపోయాడు.

అది ఒక విశ్వవిద్యాలయంలో ఆరోగ్య మనస్తత్వ శాస్త్ర విభాగం. జనం పొగ ఎందుకు తాగుతారు, బీపీ మాత్రలు మధ్యలో ఎందుకు మానేస్తారు, చేతులు కడుక్కోమంటే ఎందుకు కడుక్కోరు, వాళ్ళ తీరు మార్చడం ఎలా అన్నది అక్కడి చదువు. పైల దమయంతి అక్కడ అసిస్టెంట్ ప్రొఫెసరు. ఊరి బడిలో నేల మీద కూర్చుని చదువు మొదలుపెట్టి అక్కడిదాకా వచ్చిన మనిషి. మాట తక్కువ. చెప్పిన పని చేస్తుంది, చెప్పనిది చూస్తుంది. ఆమె మూడేళ్ళ ప్రొబేషను మార్చి నెలాఖరుతో ముగుస్తుంది. ఆలోగా ఉద్యోగం ఖాయం చేస్తూ ఉత్తర్వు రాకపోతే ఏప్రిల్ ఒకటిన ఆమె గది తాళం చెవి వెనక్కి ఇచ్చేయాలి.

కొత్త నిబంధన పుట్టుక ఇలా జరిగింది. వైస్ చాన్సలర్ గారు రాజధానిలో ఒక సదస్సుకు వెళ్ళారు. అక్కడ ఎవరో పెద్దమనిషి లేచి, "తమ దగ్గర జనం చేత అలవాట్లు మాన్పించే పండితులు ఇరవై మంది ఉన్నారు కదా, వాళ్ళలో ఎవరైనా ఎప్పుడైనా ఏదైనా మానారా?" అని అడిగాడు. హాలంతా నవ్వింది. వైస్ చాన్సలర్ గారు నవ్వలేదు. తిరుగు రైల్లోనే సర్క్యులర్ రాశారు.

"ప్రవర్తనలో మార్పును గూర్చి బోధించువారును, పరిశోధించువారును కనీసము ఒక తీవ్రమైన దురలవాటును స్వయముగా విడిచిపెట్టినవారై యుండవలెను. అట్లు విడిచిపెట్టనివారి ఉద్యోగ స్థిరీకరణ గాని, పదోన్నతి గాని పరిశీలింపబడజాలదు."

చిక్కేమిటంటే, ఆరోగ్యం బోధించేవాళ్ళు కావడంతో విభాగంలో ఎవరికీ చెప్పుకోదగ్గ దురలవాటు లేదు. విభాగాధిపతి ఆచార్య శేషఫణి గారు ఆ సంగతి వినయంగా పైకి రాశారు. నాలుగో రోజున వివరణ వచ్చింది. అందులో ఒకే వాక్యం: "లేనిచో అలవరచుకొనవలెను."

అలవరచుకోవడానికి నలభై రోజులు గడువు. ఆ తర్వాత మానడానికి నూట ఇరవై రోజులు. అలవాటు తీవ్రత పదికి ఏడు దాటిందని ఒక సంఘం ధ్రువీకరించాలి. సంఘానికి అధ్యక్షుడు రిజిస్ట్రార్ కూర్మారావు గారు. ఆయన నిబంధనల మనిషి. తన పెళ్ళిలో కూడా పురోహితుడిని "ఈ మంత్రానికి ఆధారం ఏమిటి" అని అడిగాడని చెప్పుకుంటారు.

దమయంతి ఆ సంఘం ముందు కూర్చుంది.

"గోళ్ళు కొరుకుదువా?"

"లేదండి."

"పగటి నిద్ర?"

"లేదండి."

"టీ?"

"పొద్దున్న ఒకసారండి."

కూర్మారావు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఒకసారి అనునది అలవాటు కాదమ్మా, ఆహారము. తల్లిదండ్రులకు గాని, తాతముత్తాతలకు గాని ఏమైనా...?"

"మా నాన్న తాగేవాడండి. అది చూసే నేను ఈ చదువు చదివాను."

"వంశపారంపర్యము లెక్కలోనికి రాదు." ఆయన బాధగానే రాసుకున్నారు. "అలవాటు: శూన్యము."

శేషఫణి గారు ఆమెను వరండాలోకి పిలిచి భుజం తట్టారు. "ఏమ్మాయ్, ఇంత తెలివైనదానివి, చిన్నప్పటి నుంచీ ఏం చేశావు? పోనీలే. నలభై రోజులుంది. మండల దీక్ష అనుకుని ఏదో ఒకటి పట్టు. మానడం ఎంతసేపు? ఇరవయ్యొక్క రోజుల్లో ఏ అలవాటైనా పోతుందని నా వ్యాసమే ఉంది. చదివావుగా?"

చదివింది. దాన్ని రెండుసార్లు టైపు చేసింది కూడా.

ఆ మర్నాటి నుంచి విభాగం దీక్షలో పడింది. శేషఫణి గారు చుట్ట పట్టారు. మొదటి వారం దగ్గి దగ్గి కళ్ళలో నీళ్ళు పెట్టుకున్నా, క్లాసుకు ముందొకటి, వెనకొకటి నియమం తప్పలేదు. గణాంకాలు చెప్పే హైమవతి గారు కారా కిళ్ళీ ఎంచుకున్నారు. మొదటి రోజున కళ్ళు తిరిగి బోర్డు పట్టుకుని నిలబడ్డారు. పదో రోజుకి బుగ్గన కిళ్ళీ లేనిదే ఆమెకు సగటు కూడా గుర్తు రాలేదు. వరండా చివర ఉమ్మి తొట్లు పెట్టించారు. గోడ మీద "ఇచ్చట పొగ త్రాగరాదు" అన్న బోర్డు అడ్డం వచ్చింది. తీసేయడానికి పైనుంచి అనుమతి లేకపోవడంతో దానికి ముందు రెండు మాటలు చేర్చారు. ఇప్పుడు ఆ బోర్డు "ధ్రువపత్రం లేనివారు ఇచ్చట పొగ త్రాగరాదు" అని చెబుతోంది.

కూర్మారావు గారికి మాత్రం అందరికంటె ఎక్కువ పని. తాను స్వయంగా పరీక్షించనిదే దేన్నీ ధ్రువీకరించకూడదని ఆయన నియమం. అందుచేత శేషఫణి గారి చుట్టనూ, హైమవతి గారి కిళ్ళీనీ, ఇంకొకాయన నస్యాన్నీ వరసగా పరీక్షించి, పక్కన "సరియే" అని రాస్తూ వచ్చారు. అనుమానం తీరనప్పుడు రెండోసారి, మూడోసారి పరీక్షించారు.

దమయంతి కూడా ప్రయత్నించకపోలేదు. గోళ్ళు కొరకబోతే రెండో వేలి దగ్గర నవ్వొచ్చింది. పగటి నిద్రకు పడుకుంటే దిద్దాల్సిన పేపర్లు గుర్తొచ్చాయి. ముప్ఫై మూడో రోజున, మంగళవారం, ఆమె ఎప్పటిలాగే పదకొండు గంటల బస్సెక్కి గెడ్డవలస వెళ్ళింది.

ఆ ఊళ్ళోనే ఆమె పరిశోధన. అక్కడి ఆడవాళ్ళు అడ్డపొగ తాగుతారు. చుట్టను నిప్పున్న కొస నోటి లోపల ఉండేలా పెట్టుకుని, పెదాలు మూసి పీలుస్తారు. గాలికి ఆరదు, బూడిద రాలదు, రెండు చేతులా పని చేసుకోవచ్చు. అంగుడు మాత్రం కాలుతుంది. కొన్నాళ్ళకు తెల్లమచ్చ వేస్తుంది. మచ్చ ముదిరితే ఆస్పత్రి, ఆ తర్వాత చాలామందికి ఆస్పత్రి కూడా ఉండదు. దమయంతి మూడేళ్ళుగా ప్రతి మంగళవారం అక్కడికి వెళ్తోంది. ముప్ఫై ఒక్కమందిలో పదకొండుమంది మానారు. ఏడుగురు మానే దారిలో ఉన్నారు. అందరికంటె ముందు మానింది సన్నాసమ్మ. యాభై ఏళ్ళు తాగిన మనిషి.

సన్నాసమ్మ అరుగు మీద వేరుశెనక్కాయలు ఒలుస్తోంది. దమయంతి పక్కన కూర్చుని తనూ ఒక గుప్పెడు తీసుకుంది. కాసేపటికి తల దించుకుని అడిగింది.

"మామ్మా, నాకు అడ్డపొగ నేర్పుతావా?"

సన్నాసమ్మ చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది.

"ఏటన్నావు?"

"ఉద్యోగం ఉండాలంటే ఒక చెడ్డ అలవాటు ఉండి, దాన్ని మానాలట. నాకు ఏదీ లేదు."

"ఓలమ్మో! మతి గాని పోనాదేటే గుంటా? నా గుమ్మంలో మూడేళ్ళు కూకొని నా సేత ఒగ్గించినావు. ఇప్పుడు నిన్ను అంటించుకోమంటున్నారా? ఎవులా మాటన్నోళ్ళు?"

"పెద్ద చదువులు చదివినవాళ్ళే మామ్మా."

"సదువుకున్నోళ్ళకి ఇలాటి జబ్బొకటి ఉంటాదని నాకు తెల్దు." సన్నాసమ్మ చేట పక్కన పెట్టి లేచింది. "ఎప్పుడు బస్సు? పద. నానొచ్చి సెప్తాను ఆ బాబుకి."

వచ్చే మంగళవారం దాకా ఆగమని బతిమాలితే ఆగింది. సంఘం ఆ రోజే కూర్చుంది. గదిలోకి అడుగు పెట్టగానే సన్నాసమ్మ ముక్కు ఎగబీల్చి, "ఎవులిక్కడ పచ్చాకు చుట్ట తాగుతున్నారు? బాగా ఎండనేదు" అంది. శేషఫణి గారు కిటికీ వైపు చూశారు.

"నీవెవరవమ్మా? ఏ హోదాలో హాజరైతివి?" అన్నారు కూర్మారావు గారు.

"సన్నాసమ్మని బాబూ. ఈ గుంట నా సేత చుట్ట ఒగ్గించినాది. దీనికి ఎసనం నేదని ఎవులన్నారు?"

"రికార్డు చెప్పుచున్నది."

"రికార్డుకేటి తెలుసు? నన్నడుగు. మూడేళ్ళ నుంచి మంగళారం వొస్తే సాలు, నా అరుగెక్కి కూకుంటాది. రావొద్దన్నాను. తిట్టినాను. కుక్కని ఉసిగొల్పినాను. ఒక దినం పేడనీళ్ళు కూడా పోసినాను బాబూ, అబద్ధమెందుకు. తడి సీరతో అలాగే కూకొని నాతో పాటు కాయలు ఒలిసింది. జొరమొచ్చినా వొచ్చింది. తుపానుకి బస్సు ఆగిపోతే గెడ్డలో నీరు దాటి నడిసొచ్చింది. నా చుట్టకైనా నాను చవితినాడు ఒక పూట సెలవిచ్చీదాన్ని, ఇది అదీ నేదు. ఇంతకన్న ఎసనం మీకేటి కావాల?"

కూర్మారావు గారు ముందున్న కాగితం నెమ్మదిగా తన వైపు జరుపుకున్నారు. ఆయన ముఖంలో వెలుగు వస్తోంది.

"తనకు హాని కలిగినను ఆపలేకపోవుట. పేడనీళ్ళు. ఉన్నది. ఇతరులు వారించినను మానలేకపోవుట. ఉన్నది. వేళకు జరగనిచో మనశ్శాంతి కోల్పోవుట..." ఆయన తలెత్తారు. "అమ్మా దమయంతీ, ఒక మంగళవారం వెళ్ళలేకపోతే నీకెట్లుండును?"

దమయంతి ఆలోచించింది. ఆమెకు అబద్ధం చెప్పడం కూడా అలవాటు లేదు.

"బుధవారం దాకా ఏ పనీ తోచదండి."

"ఉన్నది!" అన్నారు కూర్మారావు గారు బల్ల చరిచి. "నూట యాభై వారములు, విరామము లేకుండ! తీవ్రత తొమ్మిదిన్నర! ఈ విభాగములో ఇంత ముదిరిన కేసు నేను చూడలేదు."

శేషఫణి గారు వెంటనే పేరు పెట్టారు: పరగృహ ఉపవేశన వ్యసనం. ఇతరుల ఇళ్ళకు వెళ్ళి కూర్చోవడం అనే వ్యసనం. దీని మీద ఒక వ్యాసం రాయవచ్చని కూడా అన్నారు. హైమవతి గారు కిళ్ళీ బుగ్గ మార్చుకుని, "అదృష్టమంటే నీదే దమయంతీ, మాకు నలభై రోజులు పట్టింది, నీకు ఇంట్లో ఉన్నదే సరిపోయింది" అన్నారు. దమయంతి కూడా చాలా రోజుల తర్వాత నవ్వింది. సన్నాసమ్మ చెంగుతో ముఖం తుడుచుకుని, "మరి ఉజ్జోగం ఉండిపోనాదా?" అంది.

"ఉండును," అన్నారు కూర్మారావు గారు, కలం మూత పెడుతూ. "ఇక మానుటయే తరువాయి."

"ఏటి మానాల?"

"మీ ఊరు వచ్చుట. నేటి నుండి నూట ఇరవై దినములు. గెడ్డవలసలో ఈమె కనపడినట్లు సిబ్బందిలో ఎవరు ఒక్క ఫిర్యాదు ఇచ్చినను వ్యసనము తిరగబెట్టినట్లే. ఉద్యోగము రద్దు."

సన్నాసమ్మ దమయంతి వైపు చూసింది. దమయంతి ఆమెను బస్సు స్టాపు దాకా దిగబెట్టింది. బస్సెక్కే ముందు ముసలామె, "నా నోటితో నానే సేసినాను గదమ్మా," అంది.

"నువ్వు అబద్ధం చెప్పలేదు కదా మామ్మా," అంది దమయంతి.

మొదటి మంగళవారం దమయంతి తన గదిలో కూర్చుని పుస్తకాల అర సర్దింది. రెండో మంగళవారం సర్దిన అర మళ్ళీ సర్దింది. ఆ శుక్రవారం ఎవరి ఫోను నుంచో సన్నాసమ్మ మాట్లాడింది.

"నాను పిలవట్నేదు. ఉత్తినే సెప్తున్నాను. గౌరమ్మ మళ్ళీ అంటించింది. ఆ పక్కింటి కోడలు కూడా. నాను సెప్తే ఇనట్నేదు. నువ్వు ఒగ్గీసినావు గదా, మేమెందుకు ఒగ్గాల అంటన్నారు."

గౌరమ్మ అంగుట్లో తెల్లమచ్చ ఉంది. దమయంతి దానికి ఆర్నెల్లుగా ఫోటోలు తీస్తోంది. ఈమధ్యే మొదటిసారి అది పెరగడం ఆగింది. ఇప్పుడు మళ్ళీ నిప్పు.

ఆ ఆదివారం ఆమె తన గదిలో ఉన్న సొంత పుస్తకాలు రెండు అట్టపెట్టెల్లో సర్ది పెట్టింది. తాళం చెవి పర్సులో చేతికి అందే చోట పెట్టుకుంది. మంగళవారం పదకొండు గంటల బస్సెక్కింది.

డ్రైవరు వెనక మూడో సీటులో ఒకాయన పట్టపగలు ఎండలో మఫ్లరు చుట్టుకుని కూర్చున్నాడు. మఫ్లరు లోంచి పచ్చాకు వాసన వస్తోంది.

"సార్?" అంది దమయంతి.

శేషఫణి గారు ఉలిక్కిపడ్డారు. "నువ్వా! నువ్వెక్కడికి?"

"గెడ్డవలసండి. మీరు?"

"నేనూ... ఫీల్డు వర్కు." ఆయన కాసేపు కిటికీలోంచి చూశారు. తర్వాత మఫ్లరు దించి, చాలా చిన్న గొంతుతో అన్నారు. "ఇరవయ్యొక్క రోజులు అయ్యాయి దమయంతీ. ఇవాళ ఇరవై రెండో రోజు, రోజుకి ఆరున్నది తొమ్మిదయింది. మధ్యలో మానడం మళ్ళీ మొదలుపెట్టి చూశాను. మళ్ళీ అంతే. నా వ్యాసం తీసి చదివాను. అందులో ఏం చేయాలో ఎక్కడా లేదు. మానినవాళ్ళ సగటు మాత్రం ఉంది. ఆ ముసలమ్మ ఎలా మానిందో అడుగుదామని..."

వెనక సీటులో ఎవరో తుమ్మారు. వరసగా ఏడుసార్లు. అది నస్యం తుమ్ము. ఇద్దరూ తిరిగి చూశారు. కూర్మారావు గారు ఒక చేత్తో నస్యం డబ్బీ, ఇంకో చేత్తో కిళ్ళీ పొట్లం పట్టుకుని, జేబులోంచి చుట్ట కొస కనిపిస్తుండగా, నిబంధన ఏదీ గుర్తు రాని మనిషిలా వాళ్ళను చూస్తున్నారు.

"పరీక్షార్థము మొదలుపెట్టితిని," అన్నారు. "పూర్తి కాలేదు."

సన్నాసమ్మ ముగ్గురినీ చూసి అరుగు మీద చోటు చేసింది. దమయంతి గౌరమ్మ ఇంటికి వెళ్ళి ఆమెను పిలుచుకొచ్చేలోగా ముసలామె ఇద్దరు పెద్దమనుషుల మధ్య చేట పెట్టి, అరకుంచెడు కాయలు పోసింది.

"ఒలండి బాబూ."

"ఇది ఏ పద్ధతి అమ్మా?" అన్నారు శేషఫణి గారు ఆశగా. "ఎన్ని రోజులు పడుతుంది? ఇరవయ్యొక్క రోజులు...?"

"ఇరవయ్యొక్క దినాలా?" సన్నాసమ్మ పకపకా నవ్వింది. "నాకు ఇరవయ్యొక్క నెల పట్టింది. సేతులు కాళీగుంటే నోరు అడుగుతాది. పక్కన మడిసి నేకపోతే మరీ అడుగుతాది. అంతే బాబూ, ఇంకేటీ నేదు. ఓలె గౌరీ, ఇటు రా. ఈ బాబు నీకంటె ఎక్కువ తాగుతున్నాడు, సూడు."

గౌరమ్మ సిగ్గుపడుతూ వచ్చి, శేషఫణి గారి పక్కన కొంచెం దూరంగా కూర్చుని తనూ ఒలవడం మొదలుపెట్టింది. ఆ తర్వాతి మంగళవారం హైమవతి గారు కూడా వచ్చారు. ఆ పై వారం ఇంకో ముగ్గురు. సన్నాసమ్మ అరుగు చాలక పక్కింటి అరుగు కూడా ఇచ్చారు. బస్సులో మొదట్లో ఒకరినొకరు చూసుకోనట్టు కూర్చునేవారు. తర్వాత టిక్కెట్లు ఒకరే తీయడం మొదలుపెట్టారు. గౌరమ్మ చుట్ట మళ్ళీ రోజుకి ఒకటికి దిగింది. సంక్రాంతి దాటాక అదీ పోయింది. శేషఫణి గారు తొమ్మిది నుంచి రెండుకి వచ్చారు. రెండు అనేది గణాంక శాస్త్ర రీత్యా సున్నాకి చాలా దగ్గరని ఆయన అంటే, హైమవతి గారు ఒప్పుకోలేదు.

మార్చి ఆఖరి మంగళవారం దమయంతి గడువు ముగిసింది. ఆ సాయంత్రం నాలుగులోగా ఉత్తర్వు పై ఆఫీసుకు చేరాలి. కూర్మారావు గారు ఫైలు చంకన పెట్టుకునే బస్సెక్కారు.

అరుగు మీద అందరూ కాయలు ఒలుస్తుండగా ఆయన ఫైలు తెరిచి, గొంతు సవరించుకుని చదివారు. "శ్రీమతి పైల దమయంతి నూట ఇరవై దినములలో గెడ్డవలస గ్రామమునకు ఒక్క పర్యాయమైనను వెళ్ళినట్లు సిబ్బందిలో ఎవరి నుండియు ఫిర్యాదు అందలేదు. కావున పరగృహ ఉపవేశన వ్యసనమును సంపూర్ణముగా విడిచిపెట్టినట్లు నిర్ధారించడమైనది. విభాగములో గడువులోగా మానినవారు ఈమె ఒక్కరే యగుటచే ఈమె ఉద్యోగమును స్థిరపరచుచు..."

దమయంతి చేతిలో గింజలు చేటలోకి జారాయి. "సార్, నేను ఇక్కడే ఉన్నాను కదండీ. మీ ఎదురుగానే."

"ఫిర్యాదు లేదు," అన్నారు కూర్మారావు గారు. "ఫిర్యాదు లేనిది జరగలేదు."

"కానీ మీరు చూశారు కదండీ. ప్రతి వారం."

"అమ్మా, నీవిక్కడ ఉంటివని నేను వ్రాయవలెనన్న, నేనెక్కడ ఉంటినో ముందు వ్రాయవలెను." ఆయన చుట్టూ చూశారు. శేషఫణి గారు తల వంచుకుని శ్రద్ధగా కాయ ఒలుస్తున్నారు. హైమవతి గారు తన చేటలోని గింజలు లెక్కపెడుతున్నారు. ఎవరూ ఏమీ చూడలేదు.

"పెట్టీ బాబూ సంతకం," అంది సన్నాసమ్మ. "బస్సొచ్చీ ఏలయింది."

కూర్మారావు గారు చేట బోర్లించి, దాని మీద ఉత్తర్వు పరిచారు. సంతకం చేశారు. తేదీ వేశారు. కింద ఇంకొక గడి ఉంది. జీవితంలో ఏ కాగితం మీదా ఏ గడీ ఖాళీ వదలని మనిషి, ఏ గడిలోనూ అబద్ధం రాయని మనిషి, ఒక్క క్షణం కలం గాల్లో ఆపి ఆలోచించారు. అప్పుడు, "స్థలము" అని అచ్చు వేసి ఉన్న చోట, ఎవరికైనా తెలిసేటంత స్పష్టంగా, గుండ్రటి అక్షరాలతో రాశారు: గెడ్డవలస.